లేపిన వాళ్ల మాట నమ్మని పనిముట్టు: లినక్స్ కెర్నెల్ వెయిట్_ఈవెంట్ సమీక్ష

లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, ఒక థ్రెడ్ (విడిగా నడిచే పని వరుస) దేనికోసమైనా ఆగి నిద్రపోవాలంటే దారులు చాలానే ఉన్నాయి. డ్రైవర్ రాసేవాళ్ల చేతికి ముందుగా తగిలేది మాత్రం వెయిట్_ఈవెంట్ మాక్రోల (కోడ్‌గా విస్తరించే పొట్టి పేర్ల) కుటుంబం. ఈ సమీక్ష ముఖ్యంగా దాని గురించే. పక్కన పెట్టి పోల్చడానికి చేత్తో రాసుకునే లూప్, కంప్లీషన్, వెయిట్_వోకెన్ ఉన్నాయి. యూజర్ స్పేస్ (మామూలు ప్రోగ్రామ్‌లు నడిచే చోటు) నుంచి పీథ్రెడ్ కండిషన్ వేరియబుల్, ఫ్యూటెక్స్ (ఒక మెమరీ విలువ మీద ఆగే లినక్స్ సిస్టమ్ కాల్), చిన్న బోర్డుల వైపు నుంచి ఫ్రీఆర్‌టాస్ (చిన్న చిప్‌ల ఆపరేటింగ్ సిస్టమ్) నోటిఫికేషన్లు కూడా తీసుకున్నాం. అన్నిటికీ పరీక్ష ఒక్కటే: పిలవని పేరంటంలా వచ్చిపడే మేలుకొలుపును ఇది ఎలా తట్టుకుంటుంది?

తీర్పు ముందే చెప్పేస్తే, వెయిట్_ఈవెంట్ గట్టి సరుకు. ఏ క్యూ (ఎదురుచూసేవాళ్ల వరుస) మీద పడుకోవాలి అన్నదానితో ఆగకుండా ఏ షరతు నిజమైతే లేవాలి అని కూడా అడుగుతుంది. ఎవరు లేపినా, ఎన్నిసార్లు లేపినా, ఆ షరతు చూసుకుని అబద్ధమైతే మళ్లీ పడుకుంటుంది. షరతు అడగని పనిముట్లు ఆ పనిని మీ నెత్తిన పెడతాయి, పెట్టినట్టు చెప్పవు కూడా.

ఉత్తుత్తి మేలుకొలుపులు ఎక్కడి నుంచి వస్తాయి

"స్ప్యూరియస్ వేకప్" అనగానే ఏదో హార్డ్‌వేర్ దయ్యం పని అనుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి ప్రతిదానికీ వెతికితే దొరికే కారణం ఉంటుంది.

మొదటి రకం, దొంగిలించిన మేలుకొలుపు. క్యూలో డేటా పడింది, నిద్రపోతున్న థ్రెడ్‌ను లేపారు. అది లేచి, లాక్ (ఒకేసారి ఒక్కరినే డేటా తాకనిచ్చే తాళం) తీసుకునేలోపు మూడో థ్రెడ్ అప్పుడే వచ్చి డేటా పట్టుకుపోయింది. లేచినవాడికి ఖాళీ క్యూ మిగిలింది. 1974లో కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ వర్ణించిన మానిటర్‌లో (లాక్‌నూ, ఆగి లేపడాన్నీ కలిపిన నిర్మాణంలో) ఇది జరగదు, ఎందుకంటే అక్కడ సిగ్నల్ ఇచ్చినవాడు మానిటర్‌ను నేరుగా లేచినవాడి చేతికి అప్పగిస్తాడు. 1980లో లాంప్సన్, రెడెల్ మీసా భాష అనుభవాన్ని రాస్తూ ఆ హామీని వదిలేశారు. మీసాలో నోటిఫై అంటే ఒక కబురు మాత్రమే. లేచినవాడు మళ్లీ చూసుకోవాలి. ఈనాటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు దాదాపు అన్నీ మీసా దారినే పట్టాయి, ఎందుకంటే అప్పగింత కోసం ప్రతిసారీ థ్రెడ్ మార్చాల్సి వస్తే ఆ ఖర్చు భరించడం కష్టం.

రెండో రకం, ఒకే తలుపు దగ్గర చాలామంది పడుకోవడం. పాత యూనిక్స్ స్లీప్, వేకప్ జంటలో "ఛానెల్" అంటే ఒక మెమరీ అడ్రస్. వేకప్ పిలిస్తే ఆ అడ్రస్ మీద ఉన్నవాళ్లంతా లేస్తారు. ఎంఐటీ బోధన కోసం రాసిన ఎక్స్‌వీ6లో ఇప్పటికీ ఇదే పద్ధతి. అక్కడ కొంతసేపు ఆగడానికి వాడే సిస్టమ్ కాల్ టిక్స్ వేరియబుల్ అడ్రస్ మీద పడుకుంటుంది. ప్రతి టైమర్ టిక్‌కూ అందరూ లేస్తారు, ఎవరి గడువు వాళ్లు చూసుకుంటారు, తీరనివాళ్లు మళ్లీ పడుకుంటారు. ఫ్రీబీఎస్‌డీలో వేకప్_వన్ కూడా ఉంది. సంబంధం లేని రెండు పనులు ఒకే అడ్రస్‌ను ఛానెల్‌గా వాడుకుంటుంటే దాన్ని పిలవకూడదు. ఉన్న ఒక్క మేలుకొలుపూ పని లేనివాడికి పోతుంది, పని ఉన్నవాడు నిద్రలోనే ఉండిపోతాడు.

మూడోది సిగ్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెస్‌కు పంపే కబురు. ఎక్స్‌వీ6లో కిల్ పిలిస్తే నిద్రలో ఉన్న ప్రాసెస్‌ను షరతుతో పనిలేకుండా నడిచే స్థితికి తెస్తుంది. లినక్స్‌లో టాస్క్_ఇంటరప్టిబుల్ (సిగ్నల్ లేపగలిగే) నిద్ర కూడా అంతే.

నాలుగోది చాలామందికి తెలియనిది, కెర్నెల్ రాసేవాళ్లను నిజంగా తికమక పెట్టేది: ఆలస్యంగా చేరిన కబురు. లినక్స్ 4.2లో వేక్_క్యూ అనే సదుపాయం వచ్చింది. లాక్ పట్టుకుని ఉండగా "ఇతన్ని లేపాలి" అని జాబితాలో రాసుకుని, లాక్ వదిలాక లేపుతుంది. లాక్ పట్టుకుని ఉన్న సమయం తగ్గుతుంది కాబట్టి పనితీరుకు మంచిదే. కానీ జాబితాలో రాయడానికీ నిజంగా లేపడానికీ మధ్య సందు ఉంది. ఆ సందులో ఆ థ్రెడ్ వేరే కారణంతో లేచి, తన పని ముగించుకుని, పూర్తిగా వేరే చోట, వేరే క్యూ మీద పడుకుని ఉండవచ్చు. పాత కబురు అప్పుడు తగులుతుంది. అంటే మీ డ్రైవర్‌లోని నిద్రను, మీ డ్రైవర్‌తో ఏ సంబంధమూ లేని ఫ్యూటెక్స్ కోడ్ భంగం చేయగలదు. మీ కోడ్ ఎంత చదివినా ఆ లేపినవాడు అందులో కనబడడు.

ఇక్కడే ఒక పెద్ద అపోహ విరిగిపోతుంది. "టాస్క్_అనింటరప్టిబుల్ కదా, నేను చెప్పేదాకా లేవదు" అనుకుంటారు. సిగ్నళ్లకు లేవదు, అంతవరకే నిజం. వేక్_అప్_ప్రాసెస్ ఇంటరప్టిబుల్, అనింటరప్టిబుల్ రెండు స్థితులనూ లేపుతుంది. కుంభకర్ణుడి నిద్రలా కనబడుతుందే గానీ, ఎవరైనా తడితే లేచి కూర్చుంటుంది.

చేత్తో రాసుకునే లూప్

వెయిట్_ఈవెంట్ విలువ తెలియాలంటే అది దాచిపెడుతున్న లూప్‌ను ముందు చూడాలి. వరుస ఇలా ఉండాలి: సెట్_కరెంట్_స్టేట్‌తో "నేను నిద్రపోబోతున్నా" అని రాయడం, ఆ తర్వాత షరతు చూడడం, నిజమైతే లూప్ నుంచి బయటపడడం, అబద్ధమైతే షెడ్యూల్ (ప్రాసెసర్‌ను వేరేవాళ్లకు వదిలే ఫంక్షన్) పిలవడం, తిరిగొచ్చాక మళ్లీ మొదటి మెట్టుకే పోవడం. బయటపడ్డాక స్థితిని టాస్క్_రన్నింగ్ చేయడం.

మొదటి రెండు మెట్లూ తారుమారైతే సమస్య ఉల్టా దిక్కు నుంచి వస్తుంది. షరతు ముందు చూశారు, అబద్ధం. ఆ క్షణంలో అవతలివాడు షరతు నిజం చేసి లేపాడు. మీరింకా మెలకువగానే ఉన్నారు కాబట్టి ఆ లేపడం గాలిలో కలిసిపోయింది. ఇప్పుడు స్థితి మార్చి షెడ్యూల్ పిలిచారు. ఇక లేపేవాడు లేడు. ఉత్తుత్తి మేలుకొలుపు వస్తే కాస్త పని వృథా, పోయిన మేలుకొలుపు వస్తే సిస్టమ్ బిగుసుకుపోతుంది. మెట్లు సరిగ్గా ఉన్నా మెమరీ బ్యారియర్ (రాయడం, చదవడం వరుస తప్పకుండా చూసే ఆజ్ఞ) లేకపోతే ఇదే గతి. అందుకే సెట్_కరెంట్_స్టేట్ లోపల పూర్తి బ్యారియర్ ఉంటుంది. ముందు రెండు అండర్‌స్కోర్లున్న రకంలో ఉండదు. షరతు మార్చడం, చూడడం, లేపడం అన్నీ ఒకే లాక్ కింద జరిగేటప్పుడు మాత్రమే ఆ రెండోది వాడాలి.

లూప్‌కు బదులు "ఇఫ్" రాసి ఒక్కసారే షెడ్యూల్ పిలిచే కోడ్ ఇంకా కనబడుతూనే ఉంటుంది. పరీక్షల్లో నెలల తరబడి పనిచేస్తుంది కూడా. పైన చెప్పిన నాలుగో రకం మేలుకొలుపు తగిలిన రోజున ఇంకా రాని డేటాను వచ్చిందనుకుని చదువుతుంది.

మరో చిన్న గొయ్యి ఉంది. డిఫైన్_వెయిట్‌తో తయారుచేసిన ఎంట్రీ (క్యూలో మీ పేరు), ఆ క్యూ ద్వారా లేపగానే క్యూ నుంచి తనంతట తానే తొలగిపోతుంది. కాబట్టి ప్రిపేర్_టు_వెయిట్‌ను (ఎంట్రీని క్యూలో చేర్చి స్థితి మార్చే ఫంక్షన్‌ను) లూప్ బయట ఒక్కసారే పిలిస్తే, అలా వచ్చిన మొదటి ఉత్తుత్తి మేలుకొలుపు తర్వాత మీరు క్యూలో ఉండరు, మీ స్థితి కూడా రన్నింగ్. షెడ్యూల్ నిద్రపుచ్చకుండా తిరిగొస్తుంది, లూప్ ప్రాసెసర్‌ను తినేస్తూ తిరుగుతుంది. అది చూసి లూప్ లోపల స్థితి మాత్రం మార్చి "సరిచేస్తే" పరిస్థితి ఇంకా చెడుతుంది: క్యూలో లేని వాడు నిద్రపోతాడు. ప్రిపేర్_టు_వెయిట్ ప్రతి చుట్టులోనూ ఉండాలి. ఎంట్రీ అప్పటికే క్యూలో ఉంటే అది మళ్లీ చేర్చదు కాబట్టి భయం లేదు. యాడ్_వెయిట్_క్యూ, డిక్లేర్_వెయిట్‌క్యూ జంట వాడితే ఎంట్రీ తనంతట తొలగదు, అక్కడ ఈ బాధ లేదు.

వెయిట్_ఈవెంట్ లోపల, బయట

పై గోతులన్నీ ఈ మాక్రో ఒక్కసారి పూడ్చేస్తుంది. నిద్రకు సిద్ధపడకముందే ఒకసారి షరతు చూస్తుంది. అప్పటికే నిజమైతే క్యూ లాక్ కూడా తాకదు. లేదంటే లూప్‌లోకి దిగుతుంది.

ఇంటరప్టిబుల్ రకంలో ఒక మర్యాద గమనించండి. షరతునే ముందు చూస్తుంది, సిగ్నల్‌ను తర్వాత. రెండూ ఒకేసారి వస్తే విజయమే, సున్నా తిరిగొస్తుంది. షరతు అబద్ధమై సిగ్నల్ ఉంటేనే ఈరీస్టార్ట్‌సిస్ అనే ఎర్రర్ వస్తుంది. ఎక్స్‌క్లూజివ్ రకం ఇంకా జాగ్రత్త చూపుతుంది. ఒక్కరినే లేపే క్యూలో, లేపడానికి ఎంపికైన థ్రెడ్ అదే సమయంలో సిగ్నల్ వచ్చిందని వెళ్లిపోతే ఆ మేలుకొలుపు వృథా అయి, వెనక ఉన్నవాడు శాశ్వతంగా నిద్రపోతాడు. ఆ పోటీని ప్రిపేర్_టు_వెయిట్_ఈవెంట్ క్యూ లాక్ కింద తేలుస్తుంది: సిగ్నల్ ఉంటే ఎంట్రీని అక్కడే క్యూ నుంచి తీసేస్తుంది, కాబట్టి ఆ తర్వాత వచ్చే మేలుకొలుపు వెనకవాడికి చేరుతుంది. చేత్తో లూప్ రాసేవాళ్లలో ఈ పోటీ గురించి ఆలోచించేవాళ్లు అరుదు. ఈ ఒక్క కారణం చాలు, చేత్తో రాయడం మానడానికి.

ఇక లోపాలు. మొదటిది, తిరిగొచ్చే విలువల వ్యవహారం. ఉత్త వెయిట్_ఈవెంట్‌కు తిరుగు విలువ లేదు. ఇంటరప్టిబుల్‌కు సున్నా అంటే విజయం. టైమౌట్ రకానికి సున్నా అంటే ఓటమి: గడువు తీరింది, షరతు ఇంకా అబద్ధం. గడువు తీరేసరికి షరతు నిజమైతే 1, ముందే నిజమైతే మిగిలిన జిఫీలు (కెర్నెల్ టైమర్ టిక్కులు). ఇంటరప్టిబుల్_టైమౌట్‌లో ఈ రెండూ కలుస్తాయి: రుణ సంఖ్య అంటే సిగ్నల్, సున్నా అంటే గడువు, ధన సంఖ్య అంటే విజయం. ఇన్ని రకాల సున్నాలు ఒకే కుటుంబంలో ఉండడం మంచి రూపకల్పన అనలేం. దీని పర్యవసానంగా ఎక్కువగా కనబడే తప్పు, ఈ విలువను అన్‌సైన్డ్ లాంగ్‌లో దాచడం. రుణ సంఖ్య బ్రహ్మాండమైన ధన సంఖ్యగా మారి, సిగ్నల్‌తో లేచిన థ్రెడ్ "పని అయిపోయింది" అనుకుంటుంది. సైన్డ్ లాంగ్‌లోనే ఉంచి, మూడు దారులకూ విడివిడిగా కోడ్ రాయాలి.

గడువు జిఫీల్లో ఇవ్వాలి. జిఫీ నిడివి కెర్నెల్ కాన్ఫిగరేషన్‌ను బట్టి మారుతుంది: హెచ్‌జడ్ (సెకనుకు టిక్కుల సంఖ్య) 100 అయితే 10 మిల్లీసెకన్లు, 1000 అయితే 1. నేరుగా అంకె రాయకుండా ఎంసెక్స్_టు_జిఫీస్ వాడాలి.

రెండో లోపం, షరతు అన్నది మాక్రోకు ఇచ్చే వాక్యం కాబట్టి అది ఎన్నిసార్లు నడుస్తుందో మీ చేతిలో లేదు. ఉత్తుత్తి మేలుకొలుపులు పెరిగిన కొద్దీ అన్నిసార్లు నడుస్తుంది. షరతులో కౌంటర్ పెంచడం, క్యూ నుంచి ఒకటి తీయడం లాంటివి పెట్టకూడదు. నిజమైనప్పుడు మాత్రమే పక్క ప్రభావం ఉండే అటామిక్ ట్రై రకం పనులు పర్వాలేదు, ఎందుకంటే నిజం కాగానే లూప్ ఆగుతుంది.

మూడోది ఎక్కువమంది కాలు జారేది: షరతులో మళ్లీ నిద్రపోయే పని పెట్టడం. షరతు చూసేటప్పటికే థ్రెడ్ స్థితి "నిద్ర". అక్కడ మ్యూటెక్స్ (దొరికేదాకా నిద్రపుచ్చే లాక్) తీసుకోబోయి ఆగాల్సి వస్తే, లోపలి నిద్ర ముగిసేసరికి స్థితి రన్నింగ్‌కు మారిపోతుంది. బయటి షెడ్యూల్ ఇక నిద్రపుచ్చదు. డీబగ్_అటామిక్_స్లీప్ ఆన్ చేసిన కెర్నెల్ "టాస్క్ రన్నింగ్‌లో లేనప్పుడు ఆగే పనులు పిలవొద్దు" అని లాగ్‌లో అరుస్తుంది. ఆ హెచ్చరికను చప్పుడు కాకుండా చేసే కిటుకులు వెతకొద్దు. మార్గం వెయిట్_వోకెన్. ఇందులో లేపిన సంగతి థ్రెడ్ స్థితిలో కాక వెయిట్ ఎంట్రీ జెండాలో నమోదవుతుంది. కాబట్టి షరతును పూర్తిగా మెలకువగా ఉండి చూడొచ్చు, మ్యూటెక్స్ తీసుకోవచ్చు. ఎంట్రీకి వోకెన్_వేక్_ఫంక్షన్‌నే తగిలించాలి, యాడ్_వెయిట్_క్యూతో చేర్చాలి. షరతు మాత్రం ఇక్కడ మీ వైల్ లూప్‌లోనే ఉంటుంది. వెయిట్_వోకెన్ తిరిగొచ్చిందంటే నిజం అయినట్టు కాదు.

స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే లాక్) కింద షరతు చూడాలంటే వెయిట్_ఈవెంట్_లాక్_ఐఆర్‌క్యూ ఉంది. లాక్ పట్టుకుని షరతు చూస్తుంది, పడుకునే ముందు వదులుతుంది, లేచాక మళ్లీ తీసుకుంటుంది. ఇది వాడకుండా షరతును లాక్ లేకుండా చూసి, బయటికొచ్చాక లాక్ తీసుకుని డేటా తీసే కోడ్ మొదటి రకం దొంగతనానికి తలుపు తెరిచినట్టే. లాక్ తీసుకున్నాక షరతు మళ్లీ చూడాలి.

లేపే వైపు కూడా రెండు మాటలు. ఉత్త వెయిట్_ఈవెంట్‌తో పడుకున్నవాడిని వేక్_అప్_ఇంటరప్టిబుల్‌తో లేపలేరు, అది ఇంటరప్టిబుల్ నిద్రనే చూస్తుంది. ఎప్పుడో ఒక ఉత్తుత్తి మేలుకొలుపు వచ్చి షరతు నిజమని చూసి బయటపడుతుంది కాబట్టి, ఈ తప్పు "అప్పుడప్పుడు ఆలస్యం" రూపంలో కనబడి దారి తప్పిస్తుంది. రెండు, వెయిట్‌క్యూ_యాక్టివ్‌తో "ఎవరైనా పడుకున్నారా" అని చూసి లేపేవాళ్లు మధ్యలో బ్యారియర్ మరిచిపోతారు. డబ్ల్యూక్యూ_హ్యాజ్_స్లీపర్ వాడితే బ్యారియర్ అందులోనే ఉంది.

కెర్నెల్ థ్రెడ్ల విషయంలో షరతుకు ఎప్పుడూ "లేదా కేథ్రెడ్_షుడ్_స్టాప్" చేర్చాలి. కేథ్రెడ్_స్టాప్ ఒక జెండా పెట్టి వేక్_అప్_ప్రాసెస్ పిలుస్తుంది. మీ షరతులో ఆ జెండా లేకపోతే, మంచి లూప్ కాబట్టే అది దాన్నీ ఉత్తుత్తి మేలుకొలుపుగా లెక్కగట్టి హాయిగా మళ్లీ పడుకోవచ్చు. అప్పుడు మాడ్యూల్ తీసేసే కమాండ్ అక్కడే వేలాడుతుంది. అనింటరప్టిబుల్ నిద్ర అయితే 120 సెకన్ల తర్వాత హంగ్ టాస్క్ హెచ్చరిక లాగ్‌లో పడుతుంది, ఆ గడువు డిఫాల్ట్ విలువ.

లూప్ పెట్టలేని చోట్లు

అన్నీ లూప్‌తో తీరవు. ఆగిపోయిన, ట్రేస్‌లో ఉన్న, చచ్చిపోతున్న టాస్క్‌లకు "మళ్లీ చూసుకో" అనేందుకు షరతు ఉండదు. వాటి కోసం సెట్_స్పెషల్_స్టేట్ ఉంది. అది స్థితిని టాస్క్ సొంత లాక్ కింద రాస్తుంది, అప్పటికే దారిలో ఉన్న మేలుకొలుపు ఆ రాతను చెరపకుండా. మామూలు డ్రైవర్‌కు దీని అవసరం రాదు. వచ్చిందనిపిస్తే రూపకల్పన మరోసారి చూసుకోవడం మేలు.

కొత్తగా పుట్టిన కెర్నెల్ థ్రెడ్ కథ వేరు. కేథ్రెడ్_క్రియేట్‌తో పుట్టిన థ్రెడ్ మొదటి వేక్_అప్_ప్రాసెస్ కోసం అనింటరప్టిబుల్‌గా పడుకుంటుంది. చాలా ఏళ్ల పాటు అక్కడ ఉన్నది లూప్ లేని ఒక్క షెడ్యూల్. "నేను లేపేదాకా నడవదు" అని నమ్మి, సృష్టించాక తీరిగ్గా దాని డేటా నింపే కోడ్ ఎంతో ఉంది. 2022లో వర్క్‌క్యూ (పనులను కెర్నెల్ థ్రెడ్లకు పంచే ఏర్పాటు) వర్కర్ సృష్టి విషయంలో సరిగ్గా ఈ ప్రశ్నే లేచింది: వర్కర్‌ను పూల్‌కు తగిలించకముందే అది లేస్తే ఏం చదువుతుంది? అప్పుడు ప్రతిపాదించిన మార్గాల్లో ఒకటి, థ్రెడ్ ఫంక్షన్ మొదట్లోనే ఒక కంప్లీషన్ మీద ఆగడం. మీ కోడ్‌కూ అదే వర్తిస్తుంది. థ్రెడ్‌కు కావలసినదంతా సృష్టించక ముందే నింపండి, కుదరకపోతే మొదటి వాక్యంగా వెయిట్_ఫర్_కంప్లీషన్ పెట్టండి.

కంప్లీషన్: చిన్న పెట్టె, గట్టి తాళం

"ఒక పని ఒకసారి అయిపోయింది" అని చెప్పడానికి వెయిట్_ఈవెంట్ కంటే ఇదే మంచిది. లోపల డన్ అనే లెక్క ఉంటుంది, వెయిట్ ఆ లెక్కను లూప్‌లో చూస్తుంది, కాబట్టి ఉత్తుత్తి మేలుకొలుపు మీ దాకా రాదు. కంప్లీట్ ముందే వచ్చేసినా లెక్క నిలిచి ఉంటుంది, పోదు.

దీని అసలు గొప్పదనం వేరే ఉంది. స్టాక్ మీద ఒక జెండా, ఒక వెయిట్ క్యూ పెట్టుకుని వెయిట్_ఈవెంట్‌తో ఆగారనుకోండి. అవతలివాడు జెండా పెట్టాడు, ఇంకా వేక్_అప్ పిలవలేదు. సరిగ్గా అప్పుడే ఉత్తుత్తి మేలుకొలుపు వచ్చి మీరు లేచారు. షరతు నిజం. ఫంక్షన్ ముగించి వెళ్లిపోయారు, స్టాక్ పోయింది. అవతలివాడు ఇప్పుడు లేని క్యూ మీద వేక్_అప్ పిలుస్తాడు. లూప్ సరిగ్గా ఉంది, షరతు సరిగ్గా ఉంది, అయినా మెమరీ పాడైంది. కంప్లీషన్‌లో లెక్క పెంచడం, లేపడం రెండూ ఒకే లాక్ కింద జరుగుతాయి. ఆగినవాడు కూడా అదే లాక్ కింద లెక్క చూస్తాడు. కాబట్టి అవతలివాడి పని ముగియకుండా బయటపడలేడు.

గడువు రకంతో మాత్రం ఈ రక్షణ పోతుంది. స్టాక్ మీది కంప్లీషన్‌తో వెయిట్_ఫర్_కంప్లీషన్_టైమౌట్ పిలిచి, గడువు తీరగానే తిరిగి వెళ్లిపోతే, ఆలస్యంగా వచ్చే ఇంటరప్ట్ హ్యాండ్లర్ పోయిన స్టాక్‌లో కంప్లీట్ రాస్తుంది. గడువు తీరితే ముందు హార్డ్‌వేర్ పనిని రద్దు చేసి, హ్యాండ్లర్ ఇక రాదని తేల్చుకున్నాకే తిరిగి వెళ్లాలి. మరొకటి: కంప్లీట్_ఆల్ తర్వాత లెక్క గరిష్ఠ విలువకు చేరి అక్కడే ఉంటుంది. రీఇనిట్_కంప్లీషన్ పిలవకుండా మళ్లీ వాడితే ప్రతి వెయిట్ వెంటనే తిరిగొస్తుంది. చూసేవాళ్లు దాన్ని ఉత్తుత్తి మేలుకొలుపు అనుకుని వారాలు వెతుకుతారు.

ఉత్త ఆలస్యం కావాలంటే ఎంస్లీప్, యూస్లీప్_రేంజ్ రెండూ మిగిలిన సమయానికి మళ్లీ పడుకుంటాయి. నేరుగా షెడ్యూల్_టైమౌట్ పిలిస్తే అలా కాదు, ముందే లేస్తే మిగిలిన జిఫీలు చేతిలో పెట్టి తిరిగొస్తుంది. హార్డ్‌వేర్ రీసెట్‌కు కనీసం ఇంత సమయం ఆగాలి అన్నచోట దాన్ని వాడితే కొంప మునుగుతుంది.

యూజర్ స్పేస్ పనిముట్లు

పీథ్రెడ్_కాండ్_వెయిట్ షరతు అడగదు. పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల) ప్రమాణం మాత్రం దాపరికం లేకుండా చెబుతుంది: ఉత్తుత్తిగా తిరిగి రావచ్చు, వైల్ లూప్‌లో పెట్టుకోండి. సిగ్నల్ వచ్చినా ఈఇంటర్ (సిగ్నల్ అడ్డొచ్చింది అనే ఎర్రర్) ఇవ్వకూడదు. హ్యాండ్లర్ ముగిశాక మళ్లీ ఆగుతుంది, లేదా ఏమీ జరగనట్టు సున్నా ఇస్తుంది. సెమ్_వెయిట్ అలా కాదు, ఈఇంటర్ ఇస్తుంది, దానికి వేరే లూప్ కావాలి.

టైమ్డ్‌వెయిట్ గడువును గడియారపు సమయంగా అడగడం మంచి నిర్ణయం. ఎన్నిసార్లు లేచినా అదే విలువ మళ్లీ ఇవ్వొచ్చు, మిగిలిన సమయం లెక్కగట్టక్కర్లేదు. కాకపోతే డిఫాల్ట్ గడియారం రియల్‌టైమ్. ఎవరైనా సిస్టమ్ సమయం మారిస్తే గడువు కూడా జరుగుతుంది. కాండ్‌అట్ర్_సెట్‌క్లాక్‌తో మోనోటానిక్ (వెనక్కి జరగని) గడియారానికి మార్చుకోవాలి. విండోస్ స్లీప్‌కండిషన్‌వేరియబుల్ మిల్లీసెకన్లలో సాపేక్ష గడువు తీసుకుంటుంది. అక్కడ ప్రతి చుట్టులో మిగిలినది మీరే లెక్కగట్టాలి, లేదంటే ఉత్తుత్తి మేలుకొలుపు వచ్చిన ప్రతిసారీ గడువు మొదటి నుంచి మొదలై 5 సెకన్ల ఆగడం ఎంతకీ తెగదు. విండోస్ డాక్యుమెంటేషన్ ఉత్తుత్తి మేలుకొలుపులనూ, దొంగిలించిన వాటినీ విడివిడిగా పేర్కొనడం మెచ్చుకోదగింది.

లినక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.25లో, అంటే 2017లో, కండిషన్ వేరియబుల్‌ను కొత్త పద్ధతిలో తిరగరాశారు. అందులో అరుదైన పోటీలో మేలుకొలుపు పోయే లోపం ఒకటి 2020లో నమోదై, సవరణ 2025లో చేరింది. ఇలా పోయిన మేలుకొలుపును మీ వైల్ లూప్ కాపాడలేదు, ఎందుకంటే అది ఉత్తుత్తి వాటికే విరుగుడు. మారని షరతు మీద ఆగిన థ్రెడ్ కనబడితే మీ కోడే అని తేల్చేముందు లైబ్రరీ వెర్షన్ కూడా చూడండి.

ఫ్యూటెక్స్ ఇంకా పచ్చి సరుకు. విలువ మీరు చెప్పిన దానితో సరిపోకపోతే ఈఎగైన్, సిగ్నల్ అయితే ఈఇంటర్, గడువైతే ఈటైమ్డ్‌అవుట్, లేపితే సున్నా. ఆ సున్నా కూడా నమ్మకం కాదు: ఆ మెమరీని ఇంతకు ముందు వాడి వదిలేసిన సంబంధం లేని కోడ్, ఉదాహరణకు ఒక పాత మ్యూటెక్స్ అన్‌లాక్, అదే అడ్రస్ మీద ఆలస్యంగా లేపవచ్చు. తిరిగొచ్చిన ప్రతిసారీ విలువ చదవాలి. సీ++20 అటామిక్ వెయిట్ ఈ పనిని తనలోనే చేసుకుంటుంది, విలువ మారితేనే తిరిగొస్తుంది. వాడగలిగితే ఫ్యూటెక్స్ జోలికి పోకుండా దాన్నే వాడండి.

సెలెక్ట్ (ఏ సాకెట్‌లో డేటా ఉందో చెప్పే కాల్) కూడా ఈ కోవలోనిదే. సాకెట్‌లో డేటా ఉందని చెప్పాక, చెక్‌సమ్ తప్పని కెర్నెల్ ఆ ప్యాకెట్‌ను పారేస్తే తర్వాతి రీడ్ ఆగిపోతుంది. నాన్‌బ్లాకింగ్ జెండా పెట్టుకోవాలి.

చిన్న బోర్డుల మీద

ఫ్రీఆర్‌టాస్ క్యూ పనిముట్లు లోపలే లూప్ చేసి మిగిలిన గడువు లెక్కగడతాయి, వాటితో పేచీ లేదు. పేచీ అంతా నేరుగా ఒక టాస్క్‌కు పంపే కబుర్లతో, అంటే టాస్క్ నోటిఫికేషన్లతోనే. స్ట్రీమ్ బఫర్, మెసేజ్ బఫర్ రెండూ లోపల ఇవే నోటిఫికేషన్లను వాడుకుంటాయి. మీ టాస్క్ యూఎల్‌టాస్క్‌నోటిఫైటేక్‌తో ఇంటరప్ట్ కోసం ఎదురుచూస్తూ, మధ్యలో స్ట్రీమ్ బఫర్ మీద కూడా ఆగితే, ఒకరి కబురు ఇంకొకరికి చేరుతుంది. 10.4.0 వెర్షన్ నుంచి ఒక్కో టాస్క్‌కు నోటిఫికేషన్ల వరుస ఇవ్వొచ్చు. బఫర్లకు 0 స్థానం వదిలేసి మీ ఇంటరప్ట్‌కు 1 వాడండి, కాన్ఫిగరేషన్‌లో వరుస పరిమాణం కనీసం 2 చేయండి. అంతకుముందు వెర్షన్ అయితే ఆ రెండిటినీ ఒకే టాస్క్‌లో కలపొద్దు.

కొనే ముందు తట్టి చూడడం

యూజర్ స్పేస్‌లో పరీక్ష తేలిక. పీథ్రెడ్_కాండ్_వెయిట్‌కు ఎల్‌డీ_ప్రీలోడ్ (మన లైబ్రరీని ముందుగా ఎక్కించే ఏర్పాటు) ద్వారా తొడుగు వేసి, పది పిలుపుల్లో ఒకసారి మ్యూటెక్స్ వదిలి, షెడ్_యీల్డ్ పిలిచి, మ్యూటెక్స్ మళ్లీ తీసుకుని సున్నా ఇవ్వండి. ప్రమాణం దీన్ని అనుమతిస్తుంది కాబట్టి ఏ ప్రోగ్రామ్ కూలినా తప్పు ప్రోగ్రామ్‌దే. ఈపోల్_వెయిట్, సెమాప్ వాడే ప్రాసెస్‌ను సిగ్‌స్టాప్‌తో ఆపి సిగ్‌కాంట్‌తో నడిపితే చాలు, హ్యాండ్లర్ లేకపోయినా లినక్స్‌లో అవి ఈఇంటర్ ఇస్తాయి.

కెర్నెల్‌లో అయితే చిన్న డీబగ్ మాడ్యూల్ చాలు: గెట్_టాస్క్_స్ట్రక్ట్‌తో లక్ష్య టాస్క్‌ను పట్టుకుని, ప్రతి 5 మిల్లీసెకన్లకు వేక్_అప్_ప్రాసెస్ పిలిచే ఒక థ్రెడ్. డీబగ్_అటామిక్_స్లీప్, కాసాన్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) రెండూ ఆన్ చేసిన కెర్నెల్ మీద నడపండి. లూప్ లేని నిద్రలు నిమిషాల్లో బయటపడతాయి, స్టాక్ మీది క్యూల తప్పులు కాసాన్ చెబుతుంది. థ్రెడ్ పుట్టిన వెంటనే, అది ఇంకా మొదటి నిద్రలో ఉండగా కూడా ఒకసారి తట్టి చూడండి. ఎక్కువ కోడ్ తడబడేది అక్కడే.

మార్కులు వేయమంటే వెయిట్_ఈవెంట్‌కు ఐదుకు నాలుగు, తగ్గించిన ఒకటి ఆ సున్నాల గందరగోళానికి. కంప్లీషన్‌కు నాలుగున్నర. వెయిట్_వోకెన్‌కు మూడున్నర, పని చక్కగా చేస్తుంది గానీ దాని గురించి తెలిసినవాళ్లే తక్కువ. చేత్తో రాసిన లూప్‌కు రెండు, అదీ ప్రిపేర్_టు_వెయిట్ లూప్ లోపల ఉంటేనే.